రెండు పెడళ్ళ కారు

పోయిన ఆదివారం విజయనగరంలో మా మనవరాలు తన ఫోనులో ఒక పందెం చూపించింది. ఒకవైపు మా చిన్ననాటి అమెరికా కారు, మంచమంత పొడుగు బానెట్టుతో. రెండోవైపు దానికి పాతికేళ్ళ తర్వాత పుట్టిన జపాను కారు, బక్కపలచగా, నేలను కరుచుకుని. తిన్నని దారిలో అమెరికాదే ముందుంది గాని, మలుపులు రాగానే జపానుది దాన్ని దాటేసింది. ఎప్పటి అలవాటో, జపానే నెగ్గుతుందని నేను ముందే చెప్పాను. నెగ్గింది కూడాను. అయినా సంతోషం కలగలేదు, ఎందుకంటే ఆ ఓటమి ఒప్పుకోకుండా నాతో పోట్లాడవలసిన మా బావ పోయి రెండేళ్ళవుతోంది.

బావంటే మా మేనమామ కొడుకు. చీపురుపల్లిలో మా నాన్నగారి కిరాణా కొట్టుకి పొట్లాలు కట్టడానికి విశాఖపట్నం నుంచి పాత కాగితాల కట్టలు వచ్చేవి. నా వయసు వారికి వేరే చెప్పనక్కరలేదు, అప్పట్లో లోకమంతా మనకి పొట్లాం కాగితాల్లోంచే కనిపించేది. ఆ కట్టల్లో ఇంగ్లీషు పత్రికలుంటే, వాటిలోకి చింతపండు చేరకముందే కార్ల బొమ్మలున్న పేజీలు మేమిద్దరం చింపి దాచేసేవాళ్ళం. నాకు జపాను కార్లంటే ప్రాణం. చిన్న ఇంజను, తక్కువ బరువు, ఎటు తిప్పితే అటు తిరిగే గుణం. బావకి అమెరికావే కావాలి. ఎనిమిది సిలిండర్లుండాలి, తొక్కితే వీపు సీటుకి అతుక్కుపోవాలి. నీది మలుపు తిరగడం రాని దున్నపోతని నేను, నీది గాలికి ఎగిరిపోయే అగ్గిపెట్టెని తను, ఊళ్ళో డాక్టరుగారి నల్లకారు తప్ప మరో కారు దగ్గరగా చూసి ఎరగని మేము బస్తాల మీద కూర్చుని గంటలకొద్దీ వాదించుకునేవాళ్ళం.

పసితనంలో వచ్చిన జ్వరంతో బావ ఎడమకాలు సన్నబడిపోయింది. మోకాలి మీద చెయ్యి ఆనించి నడిచేవాడు. ఇంట్లో ఎవరం ఆ సంగతి ఎత్తేవాళ్ళం కాదు. ఒకనాడు నేను మరీ రెచ్చగొట్టి, ఆ దున్నపోతులో ఏం చూసి మురిసిపోతున్నావని అడిగితే, కారు లోపలి బొమ్మ మీద వేలు పెట్టి నెమ్మదిగా అన్నాడు:

“ఇటు సూడ్రా. కాళ్ళకాడ రెండు పెడళ్ళే ఉన్నాయి, క్లచ్చి నేదు. కుడికాలొక్కటీ ఉంటే సాలు. దీన్నైతే నాను నడపగల్ను.”

ఆ పేజీ మడిచి బావ చేతికే ఇచ్చేశాను. మర్నాడు మాత్రం మళ్ళీ జపాను పాటే ఎత్తుకున్నాను. వాదన మానేస్తే జాలిపడ్డానని తెలిసిపోతుంది, అది బావ భరించలేడు. అలా మా ఇద్దరి జుట్టూ నెరిసేదాకా వాదిస్తూనే వచ్చాను.

క్లచ్చి లేని కార్లు మన ఊళ్ళకి వచ్చేసరికి బావ పెద్దయ్యాక పెట్టుకున్న తన కొట్టుని కొడుకులకి అప్పగించేశాడు. మా అబ్బాయి అలాంటిదొకటి కొన్న వారంలోనే బావని ఎక్కించుకుని, రాజాం దాటాక జనసంచారం లేని రోడ్డు చూసి, స్టీరింగు ముందు కూర్చోబెట్టాను. మొదట కుడికాలితో రెండు పెడళ్ళనీ తడిమి చూసుకున్నాడు. తర్వాత వరిచేల మధ్య నుంచి చాలాదూరం మెల్లగా పోనిచ్చాడు. కారు ఆపి, ఇది ఏ దేశపుదని అడిగాడు. జపాను వాళ్ళదన్నాను.

“అయితే నువ్వే నెగ్గినావురా,” అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను.

ఇప్పుడు మనవరాలు అలాంటి కారులోనే ఆఫీసుకి వెళ్తోంది. పక్క సీట్లో కూర్చున్నప్పుడల్లా నా చూపు పనిలేక ఊరికే ఉన్న దాని ఎడమకాలి మీదికి పోతుంది. ట్రాఫిక్కులో కాలునొప్పి తప్పిందని ఈ కాలం పిల్లలు సంబరపడతారు, పడాలి కూడాను. ఈ సదుపాయమే మా పడుచుతనంలో వచ్చి ఉంటే, గల్లాపెట్టె ముందే ముసలివాడైపోయిన మా బావ ఎన్ని ఊళ్ళు చూసొచ్చేవాడో అని మాత్రం నాకు ప్రతిసారీ అనిపిస్తుంది.