కొంగు చెక్కుకోమన్నారు

మా ట్రాక్టర్ షాఫ్టుతో పాటు పసుపుపచ్చ ప్లాస్టిక్ తొడుగు ఒకటి వచ్చింది. అది ఏమైందో ముందే చెప్పేస్తాను, లేకపోతే నా కడుపుమంట చల్లారదు. దాన్ని నిలువునా కోసి, బోరు పైపు కింద పెట్టి, బర్రెల తొట్టిలోకి నీళ్ళు మళ్ళించారు. మనుషుల ప్రాణం కాపాడాల్సిన వస్తువు రెండేళ్ళపాటు బర్రెలకు నీళ్ళు పోసింది. ఎంత తెలివి మాది!

షాఫ్టంటే తెలియనివాళ్ళకు చెప్తాను. ట్రాక్టర్ వెనక నుంచి మిషన్‌కు బలం అందించే ఇనుప కడ్డీ అది. సెకనుకు తొమ్మిది చుట్లు తిరుగుతుంది. తొడుగు ఉంటే కడ్డీ లోపల తిరుగుతుంది, పైన తొడుగు మాత్రం కదలదు. గ్రీజు పెట్టడానికి అడ్డంగా ఉందని మెకానిక్ దాన్ని ఊడబీకాడు. "మంచిగైంది, పీడ పోయింది" అన్నాడు మా అన్న. తర్వాత షాఫ్టును ట్రాక్టర్‌కు పట్టి ఉంచే పిన్ను ఎక్కడో పడిపోతే, చేతికి దొరికిన పొడుగాటి బోల్టు తెచ్చి దూర్చాడు. దాని కొస వేలెడు బయటికి పొడుచుకుని ఉండేది.

మరి నువ్వేం చేశావయ్యా అంటారా? అదే నా సిగ్గు. అప్పట్లో నేను ఎయిర్‌పోర్టులో సామాన్ల బండ్లు లాగే చిన్న ట్రాక్టర్ నడిపేవాణ్ణి. అక్కడ పెట్టెలు పైకెక్కించే బెల్టు దగ్గరికి పోవాలంటే, మెడలో వేలాడే కార్డు తాడు కూడా చొక్కా లోపలికి తోసుకోవాలి. ఒకసారి మరిచిపోతే సూపర్‌వైజర్ అందరి ముందు నిలబెట్టి దులిపేశాడు. డ్యూటీ దిగి మా ఊరు పాల్మాకుల వస్తే, మా అన్న లుంగీ కట్టుకుని, తిరుగుతున్న షాఫ్టును కాలెత్తి దాటుతుండేవాడు. నేను చాయ్ తాగుతూ చూసేవాణ్ణి. ఎవరివో పెట్టెల దగ్గర అంత భయం నేర్చుకున్నవాణ్ణి, సొంత అన్న కాలి దగ్గర నోరు మూసుకున్నాను.

ఎయిర్‌పోర్టు మొదలైన మూడో ఏడు, మంఖాల్‌లో ఉండే మా అక్క చేనికి మక్కజొన్నలు ఒలిచే మిషన్ తీసుకుపోయాం. అక్క మా ఇద్దరికంటే పెద్దది. ఆ ఏడు ఆమె పంటంతా ఆ ఒక్క కుప్పే. పైన మబ్బు పట్టింది. తడిస్తే మక్కలు బూజు పడతాయని కూలీలూ, అక్కా పరుగుల మీద గంపలు మోస్తున్నారు. సగం కుప్ప అయ్యేసరికి అక్క కంకుల గంప ఎత్తుకుని షాఫ్టు పక్క నుంచి నడిచింది. బోల్టు కొస ఆమె కొంగును అందుకుంది.

నేను నా కళ్ళతో చూశాను. చీర బిగిసింది. అక్క మోకాళ్ళ మీద పడింది, కడ్డీ ఆమెను తన వైపు ఈడ్చుకుంది. అంతలో చీర పర్రున చిరిగింది. అన్న ఇంజన్ ఆపేసరికి చీర పీలికలన్నీ కడ్డీకి చుట్టుకుని ఉన్నాయి, అక్క లంగా జాకెట్టుతో నేల మీద ఉంది. నడుం చుట్టూ ఎర్రటి వాత. కూలికి వచ్చిన ఒకామె తన తువ్వాలు తీసి అక్క మీద కప్పింది.

అప్పుడు మా అన్న నోట వచ్చిన మొదటి మాట వినండి. "కొంగు చెక్కుకోరాదా అక్కా! జర సూస్కొని నడువాలె గదా!"

పక్క చేనాయన కూడా వచ్చాడు. "ఆడోళ్ళు మిషన్ కాడికొస్తే కొంగు చెక్కుకోవాలె" అని తీర్పు చెప్పాడు. చుట్టూ ఉన్న మగవాళ్ళంతా తలలూపారు. తొడుగు పీకినవాణ్ణి అడిగిన దిక్కు లేదు. బోల్టు దూర్చినవాణ్ణి అడిగిన దిక్కు లేదు. చావు తప్పి బయటపడిన మనిషికే సుద్దులు! నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అక్క లేచి నిలబడింది. "మిషన్ తీస్కపోండ్రి. నా చేన్ల ఇగ ఇది తిరగొద్దు" అంది. మేం మిషన్ విప్పి చేను గట్టు అవతల పెట్టాం. అక్క మిగిలిన సగం కుప్ప మీద టార్పాలిన్ కప్పుకుంది.

ఇంటి ఆడబిడ్డ మనసు నొచ్చుకుంటే చీర పెట్టడం మా రివాజు. మూడో రోజు అన్నా నేనూ శంషాబాద్ పోయి చీర కొన్నాం. "గట్టి బట్ట, ఏండ్లకేండ్లు చిరగది" అన్నాడు దుకాణమాయన. రంగు ఎంచింది నేనే. ఆ దుకాణానికి నాలుగు గుమ్మాల అవతలే ట్రాక్టర్ సామాన్ల దుకాణం ఉంది. దాని ముందు నుంచే నడిచిపోయాం, ఇద్దరం.

ట్రాక్టర్ మీద మంఖాల్ పోయేసరికి, రాత్రి పడ్డ జల్లుకి కుప్ప అడుగున కంకులు వాసన పట్టాయి. అక్క వాటిని ఏరి పక్కన పడేస్తోంది. అన్న బొట్టు పెట్టి చీర చేతికిచ్చాడు. అక్క చీర అంచు రెండు చేతులతో పట్టుకుని గట్టిగా గుంజి చూసింది.

"ఇది చిరుగుతదా?" అని అడిగింది.

"ఏ, చిరగదక్కా! మంచి బట్ట" అన్నాడు అన్న, గొప్పగా.

"మొన్న గిదే కట్టుకొని ఉంటే ఈపాటికి నన్ను కాలవెట్టి వచ్చెటోళ్ళు. పాత చీర గాబట్టి చిరిగి నన్ను ఇడిసిపెట్టింది." చీర మడత పెట్టి ట్రాక్టర్ సీటు మీద పెట్టింది. "నేను బట్టలు కట్టుకునే ఉన్న. బట్టల్లేకుండ తిరుగుతున్నది మీ షాఫ్టు. ముందు దానికి కట్టుండ్రి."

అన్న మొహం మాడిపోయింది. అప్పటికప్పుడు మళ్ళీ శంషాబాద్ పోయి, కొత్త తొడుగూ, అసలైన పిన్నూ తెచ్చాను. మబ్బు అలాగే ఉంది.

మధ్యాహ్నం గట్టు అవతలి మిషన్‌ను మళ్ళీ ట్రాక్టర్‌కు తగిలించబోతుంటే అక్క చెయ్యి చాపింది. "తాళంచెవి ఇటియ్యి."

"ఇంజన్ బంద్ చేసిన గదనే! మబ్బు జూడు, ఇదేం పరేషాన్!" అన్నాడు అన్న.

"ఇయ్యి."

ఇచ్చాడు. మా చేతులు షాఫ్టు మీద ఉండగా ఎవరూ ఇంజన్ తిప్పకుండా, అక్క దాన్ని కొంగు చివర ముడేసుకుని కుప్ప దగ్గరకెళ్ళి నిలబడింది. అన్న కొత్త తొడుగు తొడిగిన షాఫ్టును టక్కుమనేదాకా తోశాడు. నేను వెనక్కి లాగి చూశాను, ఊడలేదు. పిన్ను పెట్టాను, కొస బయటికి రాలేదు. తొడుగు తిరగకుండా దాని చిన్న గొలుసును ట్రాక్టర్‌కు తగిలించాను.

"అయిపాయె, తాళమియ్యక్కా" అన్నాడు అన్న.

"జర దూరం జరుగుండ్రి. దాన్ని దాటుడు లేదు, గంపలతోని సుట్టు తిరిగి పోవాలె" అంది అక్క అందరికీ వినబడేలా. పక్క చేనాయన కూడా వెనక్కి జరిగాడు. అప్పుడు కొంగు ముడి విప్పి తాళంచెవి ఇచ్చింది.

ఆ రోజు ఆమెను కొంగు చెక్కుకోమని ఎవ్వడూ అనలేదు.