జనరేటర్ వెనక అత్తరు కొట్టు

"మగది ఊకె పోతే ఆడది మొఖం గూడ చూడదు బిడ్డా. అత్తరు పూసుకొని పోవాలె. గా అత్తరు ఏడ దొరుకుతదంటవ్? గిదో, గీ మొక్కల!"

బుచ్చమ్మ చేతిలోని వాడిన గిలక్కాయ మొక్కను ఊపింది. ఎండుకాయల్లో గింజలు గలగలమన్నాయి. కాడ మీద వాలిన మూడు నారింజరంగు సీతాకోకచిలుకలు ఎగిరినట్టే ఎగిరి, మళ్లీ అక్కడే వాలి తొండాలు ఆనించాయి.

ప్రేమ్ కుమార్ టీ తాగడం మరిచిపోయి చూస్తున్నాడు. మాదాపూర్‌లోని ఆ కొత్త కంప్యూటర్ ఆఫీసులో అతను టైపిస్టు, ఆమె తోటమాలి. కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న అట్టలూడిన పుస్తకాలతో పురుగుల శాస్త్రం తనంతట తానే నేర్చుకున్నాడు. మగ సీతాకోకచిలుకలు ఈ మొక్క వాడినప్పుడు అందులోని చేదు విషాన్ని పీల్చి, దాంతోనే ఆడవాటికి నచ్చే వాసన తయారుచేసుకుంటాయని ఒక పుస్తకంలో చదివాడు. అందులో అత్తరు మాట లేదు.

"నీకెవరు చెప్పారమ్మా?"

"ఎవలు చెప్పాలె? గీ రాళ్లల్లనే మేకలు కాసిన. గీ కాయలే కాళ్లకు కట్టుకొని గజ్జెలని ఎగిరిన. ఇగ మా రాళ్లన్నీ పేల్చి అద్దాల మేడలు కట్టిరి. మిగిలింది గీ జనరేటర్ వెనక జానెడు జాగ."

ఆ జాగాలో గిలక్కాయ మొక్కలతోపాటు ఒక జిల్లేడు కూడా ఉంది. దాని ఆకు కింద చారల గొంగళిపురుగు తాపీగా మేస్తోంది.

"గా జిల్లేడు పాలు తాగి ఇది గూడ చేదైతది. పిట్ట నోట్ల వెట్టుకున్నదా, థూ అని ఉమ్మేస్తది. మా అత్త నా కూర ఉమ్మేసినట్టు!"

నవ్వింది గానీ, ఆ జాగా రేపటికి ఉంటుందో లేదో ఆమెకే తెలియదు. అసలు గొడవ సోమవారం మొదలైంది. విదేశీ అతిథులు వస్తున్నారని మేనేజరు సోమేశ్వరరావు గేటు పక్కన ఇరవై గులాబీ కుండీలు పెట్టించాడు. "సీతాకోకచిలుకలు వాటంతటవే వచ్చి వాలతాయండీ, చూస్తూండండి" అని అందరికీ చెప్పాడు. గేటు దగ్గరి పిచ్చిమొక్కలన్నీ పీకెయ్యమని బుచ్చమ్మకు హుకుం.

పీకింది. పీకిన గిలక్కాయ కట్టలను పారెయ్యకుండా గులాబీల వెనక కంచెకు వేలాడదీసింది. అడిగితే, "ఎండాలె గద సారూ, పచ్చివి ఎట్ల మోస్త?" అంది.

మూడోనాటికి కట్టలు బాగా వాడాయి. అతిథులు కారు దిగేసరికి కంచె నిండా వందల రెక్కలు. వాళ్లు గులాబీలవైపు తిరగనైనా తిరగకుండా ఆ ఎండుకట్టల ముందు నిలబడి ఫొటోలు తీసుకున్నారు. సోమేశ్వరరావు మాత్రం గర్వంగా కుండీలవైపు చెయ్యి చూపించాడు.

"ఇయ్యాల వాళ్లు పోయినంక నన్ను పిలిచి ఏమన్నడో ఎరికేనా? గులాబీలకు ఇన్ని వచ్చినయట! గా ఎండుచెత్త అడ్డం లేకుంటే ఇంకిన్ని వచ్చేవట! రేపు జనరేటర్ వెనక గూడ సాఫ్ చేసి కుండీలు పెట్టాల్నట!"

ప్రేమ్ కుమార్‌కు నవ్వు ఆగలేదు. "నేను వెళ్లి నిజం చెప్పనా?"

"నువ్వు చెప్తే ఇంటడా? ఆయన టైపు చేసిన కాయితాన్నే నమ్ముతడు. మొన్న లిఫ్టుకు 'పని చేయదు' అని కాయితం అంటిస్తే, లిఫ్టు మంచిగైనంక గూడ నాలుగు రోజులు మెట్లెక్కిండు." బుచ్చమ్మ కొంగు దోపుకుని లేచింది. "నీ పుస్తకంల గీ మొక్కకు నోరు తిరగని పేరు ఉంటది గద?"

"ఉంది. లాటిన్‌లో."

"మరి కూసున్నవేంది? పో బిడ్డా. గా పేరు ఇంత లావు అక్షరాలల్ల టైపు చేసి, కింద 'ముట్టరాదు' అని ఇంగ్లీషుల కొట్టి తీస్కరా. పొద్దుగాల ఆయన రాకముందే కట్టెకు అంటించి గీ మొక్కల నడుమ పాతెయ్యాలె. ఆఫీసు ముద్ర మాత్రం మరువకు!"