రెండు రెక్కల తలుపు

2022 వేసవి. యానాంలో ఇళ్ళు చూపించే పనిలో అప్పటికే నేను బాగా ముదిరిపోయాను. జనం నన్ను ఎదురుగా బ్రోకరమ్మ గారూ అంటారు, వెనకాల ఏమంటారో కూడా నాకు తెలుసు. కొనేవాళ్ళు అడిగే ప్రశ్నలు నాకు కంఠతా వచ్చు. తూర్పు ఫేసింగేనా, గోదారికి వరదొస్తే నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయి, కారు పెట్టుకోవడానికి చోటుందా. ఇవే తిప్పి తిప్పి అడుగుతారు. కరుణ టీచర్ మాత్రం వీటిలో ఒక్కటీ అడగలేదు.

ఆవిడ ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతారు. పెళ్ళి చేసుకోలేదు. తల్లి రూతమ్మ గారితో అగ్రహారంలో అద్దెకుండేవారు. రూతమ్మ గారికి గుండె జబ్బు. మందులతో నెట్టుకురావడమే తప్ప ఇక చేసేదేమీ లేదని కాకినాడ డాక్టరు చెప్పేశాడట. "తొందరగా సొంత ఇల్లు కావాలండీ" అన్నారు టీచర్. ఎందుకంత తొందరో చెప్పలేదు. పోనీలే, తల్లి ముచ్చట కాబోలు అనుకున్నాను.

మొదట ఒక కొత్త అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు ఫ్లాటు చూపించాను. ఫ్లాటంటే ఏమిటో అందరికీ చెప్పినట్టే చెప్పాను. గోడల మధ్య ఉన్నది మనది. కింద నేల మాత్రం అందరిదీ, అందులో మనకొచ్చే భాగాన్ని అన్‌డివైడెడ్ షేర్ అంటారు. మెట్లు, లిఫ్టు, డాబా అసోసియేషన్ చేతిలో ఉంటాయి. నేను చెప్పుకుపోతుంటే ఆవిడ మెట్ల మలుపు దగ్గర ఆగి, రెండు చేతులూ బారచాపి కొలుస్తున్నారు.

"ఏంటండీ టీచర్ గారూ, డబుల్ కాటు ఎక్కించాలా? తాళ్ళు కట్టి బాల్కనీలోంచి లాగించేద్దామండీ. మన ఊళ్ళో బీరువాలన్నీ అలాగేగా ఎక్కేది!" అన్నాను నవ్వుతూ.

"మంచం కాదండీ. పెట్టె."

"ఏం పెట్టండీ?"

"అమ్మని పెట్టే పెట్టె."

ఆవిడ ఆ మెట్టు మీదే కూర్చుని నెమ్మదిగా చెప్పారు. ఆవిడ చిన్నప్పుడు తండ్రి ఆసుపత్రిలో పోయారు. అప్పుడూ అద్దిల్లే. శవాన్ని ఇంట్లోకి తేవడానికి వీల్లేదన్నాడు ఇంటాయన. రోడ్డు పక్కన మంచం వేసి పడుకోబెట్టారు. వాన మొదలైంది. పాస్టరు గారు ప్రార్థన ముగించేదాకా రూతమ్మ గారే టార్పాలిన్ కొస పట్టుకుని నిలబడ్డారట. ఇప్పుడు మందులు వేసుకునేటప్పుడల్లా కూతురికి ఒకటే మాట చెబుతున్నారు, "నన్ను మాత్రం రోడ్డు మీద పెట్టకే" అని.

అద్దిళ్ళ సంగతి నాకు తెలియంది కాదు. ఇంటాయన ఎంత మంచివాడైనా ఆ ఒక్క విషయంలో రాయి అయిపోతాడు. మైల అంటాడు, రేపు ఎవరూ అద్దెకు రారంటాడు. కానీ కొనుక్కున్న ఇంట్లో కూడా అడ్డు ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. అసోసియేషన్ సెక్రటరీని అక్కడికక్కడే అడిగాం.

"పైకి తీసుకెళ్ళడం కుదరదండి. కింద సెల్లారులో ఓ గంటసేపు ఉంచుకోవచ్చు. పిల్లలు భయపడతారు కదండీ" అన్నాడాయన.

"కొనుక్కున్న ఇల్లే కదండీ?" అన్నారు టీచర్.

"మీరు కొనుక్కునేది ఫ్లాటండీ. మెట్లు కాదు కదా."

ఒళ్ళు మండిపోయింది నాకు. కానీ ఆయన చెప్పింది రూలు ప్రకారం నిజమే.

తర్వాత గేటెడ్ కమ్యూనిటీ. అంటే చుట్టూ ప్రహరీ, ఒకటే గేటు, లోపల విడివిడి ఇళ్ళు. యానాం పొలిమేర దాటి ఆంధ్రా వైపు ఉంది. పూలమొక్కలు, వాకింగ్ ట్రాకు, చూడముచ్చటగా ఉంది. టెంటు వెయ్యాలన్నా, మైకు పెట్టాలన్నా ఆఫీసులో పర్మిషన్ తీసుకోవాలి. వచ్చిన ప్రతివాళ్ళ పేరూ గేటు దగ్గర రాయించాలి. "మా చర్చి సంఘం వాళ్ళంతా ఒక్కసారే వస్తారండీ. పాటలు పాడతారు. గేటు దగ్గర నిలబెట్టి పేర్లు రాయిస్తే ఏం బాగుంటుంది?" అన్నారు టీచర్. వెనక్కి తిరిగాం.

మెట్టకూరులో హౌసింగ్ సొసైటీ ఇల్లు ఒకటి అమ్మకానికి వచ్చింది. అందులో మనం సభ్యులుగా చేరాలి. స్థలం సొసైటీ పేరునే ఉంటుంది, ఇల్లు చేతులు మారాలంటే కమిటీ ఒప్పుకోవాలి. ఇల్లు బంగారంలాంటిది, ముందు పెద్ద అరుగు. టీచర్ కళ్ళు మెరిశాయి. కానీ కమిటీలో రెండు వర్గాలు, మీటింగు ఎప్పుడు జరుగుతుందో ఎవరూ చెప్పలేకపోయారు. రూతమ్మ గారి గుండె వీళ్ళ మీటింగు కోసం ఆగుతుందా?

చివరికి మిగిలింది దరియాలతిప్ప వెళ్ళే దారిలో ఒక రో హౌస్. ఒకదానికొకటి ఆనుకున్న వరస ఇళ్ళు, మధ్య గోడ ఇద్దరిదీ. పక్కింటి మిక్సీ మోత మన హాల్లో వినిపిస్తుంది. నిజం చెప్పాలంటే అది చూపించడమే దండగ అనుకున్నాను. కానీ గుమ్మం సరాసరి రోడ్డు మీదికి ఉంది, మెట్టు ఒక్కటే. టీచర్ తలుపు రెండు రెక్కలూ బార్లా తీసి, చేతులు బారచాపి కొలిచి, "అమ్మని తీసుకొస్తానండీ" అన్నారు.

రూతమ్మ గారు ఆయాసపడుతూ వచ్చారు. వంటిల్లు వైపు కూడా చూడలేదు.

"నన్నెక్కడ పడుకోబెడతావే?"

టీచర్ గది చూపించబోయారు.

"ఆ పడక కాదే మొద్దూ!"

టీచర్ తలొంచుకుని హాలు మధ్య చూపించారు. ముసలావిడ అక్కడే కుర్చీ వేయించుకుని కూర్చుంది. తలుపు వైపు చూసింది, పైకి చూసింది. "ఫ్యాను గాలి కూడా తగుల్తాది. ఇదే తీసుకో" అంది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఆ వానాకాలానికే ఇంట్లో దిగిపోయారు. ఎదురిల్లు ఆటో నడిపే సూరిబాబుకి నేనే అద్దెకిప్పించాను. మరుసటి ఏడాది సూరిబాబు కాకినాడ ఆసుపత్రిలో ఉన్నట్టుండి పోయాడు. అంబులెన్సు వచ్చేసరికి ఇంటాయన గేటుకి అడ్డంగా నిలబడ్డాడు. నాకు ఫోనొచ్చి పరిగెత్తాను. బతిమాలాను, తిట్టాను, ఏం చేసినా కదల్లేదు. తుంపర మొదలైంది. సూరిబాబు భార్య రోడ్డు మీద నిలబడి కొంగు తీసి భర్త ముఖం మీద కప్పుతోంది.

అప్పుడు ఎదురుగా తలుపు రెండు రెక్కలూ తెరుచుకున్నాయి. గుమ్మంలో కర్ర పట్టుకుని రూతమ్మ గారు.

"ఇటు తీసుకురండ్రా! మా హాలు ఖాళీగానే ఉంది."

"అమ్మా, అది నీకోసమని..." అన్నారు టీచర్.

"నాకింకా టైముందిలేవే. అందాకా ఖాళీగా ఎందుకు? జరుగు, ఆ కుర్చీ తియ్యి."

నలుగురూ పట్టుకుని లోపలికి తెచ్చారు. ఆ మెట్టు దగ్గర ఎవరికీ తడబాటు లేదు. టీచర్ వెళ్ళి ఫ్యాను వేశారు. సూరిబాబు భార్య గోడకి ఆనుకుని అప్పుడు ఏడ్చింది, గట్టిగా, ఎవరికీ భయపడకుండా. రూతమ్మ గారు పక్కనే కూర్చుని ఆమె చెయ్యి వదల్లేదు.

అప్పట్నుంచి ఏ ఇల్లు చూపించే ముందైనా, కొనడానికైనా అద్దెకైనా, ఎవరైనా పోతే ఇంట్లోకి తేనిస్తారా అని ఓనర్ని నేనే అడిగేస్తున్నాను. శుభమా అని ఇల్లు చూడ్డానికొచ్చి ఆ మాటలేంటమ్మా అని కసురుకునేవాళ్ళే ఎక్కువ. కసురుకోనీ. ఇంటికి ఎన్ని గదులున్నాయన్నది ప్లాను చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. మన కష్టంలో ఆ గుమ్మం తెరుచుకుంటుందా లేదా అన్నది అడిగితేనే తెలుస్తుంది.

రూతమ్మ గారు ఇంకా ఉన్నారు. డాక్టరే ఆశ్చర్యపోతున్నాడట. మొన్న అటు వెళ్తుంటే హాలు మధ్య అదే చోట కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. పక్కన సూరిబాబు భార్య. నన్ను చూడగానే, "ఏమ్మా బ్రోకరమ్మా, ఖాళీ అయిందేమో చూద్దామనొచ్చావా? లోపలికి రా, కూర్చో!" అన్నారు.