నూట ఇరవై ఏడు పళ్ళు

ఇనుప చక్రాల అంచున పళ్ళు కోయడం ఆయన పని. అందుకే అందరూ పళ్ళ మేస్త్రి అనేవాళ్ళు. చెయ్యి తిరిగినవాడే, కాని బుర్ర నిండా అనుమానపు పురుగే. టీ చల్లారితే కొట్టువాడి మీద అనుమానం, వేడిగా ఉంటే ఎందుకింత మర్యాద అని అనుమానం. ఇక భార్య తమ్ముడే ఫోర్‌మన్‌గా నెత్తిన కూర్చున్నాక చెప్పేదేముంది!

ఓ రోజు ఆ బామ్మర్ది వచ్చి, "బావా, మరలు కోసే లేతు మెషీన్‌కి నూట ఇరవై ఏడు పళ్ళ చక్రం కావాలి," అన్నాడు.

మేస్త్రి ఉలిక్కిపడ్డాడు. పళ్ళు సమానంగా పడాలంటే, చక్రాన్ని పన్నుకింత అని కొలిచి తిప్పే ఆయన చిల్లుల పలకలో ఏదో ఒక చిల్లుల వరసకు ఆ అంకె లొంగాలి. రెండుతో భాగం పోదు. మూడుతో పోదు. అయిదు, ఏడు, పదకొండు, ఒక్కటీ దాని ఒంటి మీద చెయ్యి వెయ్యలేదు. పన్నెండు పన్నెండ్లు నూట నలభై నాలుగు, అప్పటికే అంకె దాటిపోయింది, కాబట్టి ఆపైన వెతకడమూ దండగే. పక్కనే ఉన్న నూట ఇరవై ఎనిమిది ఎంత బుద్ధిగా ఉంటుంది! సగం చెయ్యి, ఆ సగాన్ని సగం చెయ్యి, కిమ్మనకుండా ఒకటి దాకా వస్తుంది.

"ఇంత మొండి అంకెను ఎవడైనా అడుగుతాడా? నన్ను ఇంటికి పంపడానికి మీ తమ్ముడు వేసిన ఎత్తు ఇది," అన్నాడు భార్యతో.

"మీ ఉద్యోగం పోతే కష్టపడేది వాడి అక్కే కదండీ," అంది ఆమె.

అక్కాతమ్ముళ్ళు ముందే మాట్లాడుకున్నారేమోనని అదొక అనుమానం.

మెషీన్‌కి అదనపు చక్రాలు కట్టి, ఆ పలకనే మెల్లగా తిప్పిస్తే ఆ అంకె కూడా లొంగుతుంది. ఆ విద్య ఆయనకు వచ్చు. కాని చాలా సమయం పడుతుంది, ఆలస్యాన్నే సాకుగా చూపి గెంటేస్తారని భయం. ఒక్క పన్ను ఎక్కువైతే ఎవడు లెక్కపెడతాడులే అనుకుని నూట ఇరవై ఎనిమిది కోసి ఇచ్చేశాడు.

ఆ చక్రం బిగించి కడ్డీల మీద మరలు కోశారు. ఒక్క కడ్డీ కూడా నట్టులో సాంతం దిగలేదు, సగంలోనే పట్టేసింది. సరుకంతా తుక్కు. యజమాని చక్రం చేతిలోకి తీసుకుని, "ఎవడి నిర్వాకం ఇది?" అన్నాడు.

"నాదేనండి. అంకె నేనే తప్పు చెప్పాను," అన్నాడు బామ్మర్ది.

మేస్త్రి నోరు తెరవబోయాడు. నా చేత ఒప్పించడానికి ఎర వేస్తున్నాడు అనిపించింది. మూసేసుకున్నాడు.

"రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు," అన్నాడు యజమాని బామ్మర్దితో.

గేటు దగ్గర మేస్త్రి అతన్ని ఆపాడు. "ఎందుకలా చెప్పావురా? నీకేం కావాలి?"

"అంగుళాల లేతు మీద మిల్లీమీటర్ల మర సరిగ్గా రావాలంటే ఆ అంకె ఉండి తీరాలి బావా. అయిదంగుళాలంటే సరిగ్గా నూట ఇరవై ఏడు మిల్లీమీటర్లు. దానికి భాగాలే లేవు కదా, చిన్న చక్రాలు ఎన్ని కలిపినా దాని బదులు రావు. యజమానేమో నిన్ను మాన్పించి కొత్త మెషీన్ కొంటానన్నాడు. మా బావ కోస్తాడు, ఆగండి అన్నాను. ఇప్పుడు తప్పు నీదంటే నిన్నే పంపేస్తాడు. అంతే."

మేస్త్రికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయినట్టయింది. లోపలికెళ్ళి నిజం చెప్పేస్తే సరి. యజమాని గది వైపు నాలుగడుగులు వేశాడు కూడా. చెబుతానా లేదా అని వీడు వెనక నిలబడి చూస్తున్నాడేమో అనుకుని తల తిప్పాడు.

బామ్మర్ది అప్పటికే వీధి మలుపు దాటి వెళ్ళిపోయాడు. చూసేవాళ్ళెవరూ లేరు. మేస్త్రి యజమాని గది తలుపు తట్టకుండానే తన మెషీన్ దగ్గరికి వెళ్ళి పని మొదలుపెట్టాడు.