బానెట్ కింద నాలుగు రంధ్రాలు

2022 డిసెంబరులో ఒక మంగళవారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి మా షెడ్డులో కరెంటు పోయింది. తిరుపతిలో, రేణిగుంట రోడ్డు పక్కన, అది వారానికి రెండు మూడుసార్లు జరిగేదే. కంప్రెసర్ ఆగింది, రేడియో ఆగింది. చేతిలో పని వదిలి బయటికి వచ్చేసరికి ఒక చిన్న ఆటోమేటిక్ కారు గేటు ముందు ఆగి ఉంది. అరవై దాటిన ఒకావిడ దిగారు. ఎడమ కాలికి మోకాలి దాకా ఇనుప పట్టీలున్న పోలియో బూటు. చేతికర్ర లేదు.

"పాత జర్మన్ కార్లు చేసే మునిరత్నం నువ్వేనా అప్పా?" అని అడిగారు.

నేనేనన్నాను. ముప్పై ఏళ్లుగా నాది టింకరింగ్ పని, అంటే కారు ఒంటి రేకును సరిచేసే పని. గత పదిహేనేళ్లలో అది పాత కార్ల పనిగా మారింది. ఈ పనిలో రెండు దారులున్నాయి. రెస్టొరేషన్ అంటే కారును ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలా తేవడం. రెస్టోమాడ్ అంటే పాత ఒంటిని ఉంచి, లోపల ఈ కాలపు బ్రేకులు, స్టీరింగు, ఏసీ, ఒక్కోసారి ఇంజన్ కూడా పెట్టడం. మొదటిదాన్ని ఇష్టపడేవాళ్లు రెండోదాన్ని హత్య అంటారు. రెండోదాన్ని ఇష్టపడేవాళ్లు మొదటిదాన్ని మ్యూజియం అంటారు. నేను ఎప్పుడూ మొదటివైపే.

ఆవిడ పేరు వసుంధర. కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. వాళ్ల నాయన చిత్తూరులో డాక్టరు. ఎనభైల్లో మద్రాసులో ఒక విదేశీ ఆఫీసు వాడి అమ్మిన డీజిల్ కారును కొన్నారు. నాలుగు గేర్ల జర్మన్ సెడాన్, ముదురు ఆకుపచ్చ రంగు. ఆయన పోయేముందు దాన్ని కూతురి పేర రాశారు. కొడుకుండగా ఆమెకెందుకు రాశారో వీలునామాలోనే ఒక వాక్యంలో చెప్పారు. "వసుంధరకు దీన్ని తోలడం కుదరదు కాబట్టి బండి చెడదు."

ఆవిడ ఆ వాక్యం చెప్పి నవ్వారు.

"పదకొండేండ్లుగా నేను కారు తోలతా ఉండాను. నాయన లెక్కలో ఇది కారు కాదు, మిక్సీ. అసలు కారంటే క్లచ్చు ఉండల్ల, ఎడమ కాలు ఉండల్ల." తర్వాత నవ్వు ఆపి చెప్పారు. "మార్చిలో ఈడ కార్ల షో ఉండాది. సిత్తూరు నుంచి ఈడికి నాయన కారును నేనే తోలుకోని రావల్ల. దానికేం చెయ్యల్లో అది చెయ్యి."

అడిగింది అంతే. స్టీరింగు తేలిక కావాలి, బ్రేకు కొత్తది కావాలి, ఏసీ కావాలి. అన్నిటికన్నా ముందు ఎడమ కాలు లేకుండా క్లచ్ పని చెయ్యాలి. ఆ మార్పును ఆర్సీలో రాయించే పని తాను చూసుకుంటానన్నారు, చూసుకున్నారు కూడా.

కారు మా షెడ్డుకు వచ్చిన రెండో రోజు ఆవిడ తమ్ముడు సుధాకర్ వచ్చాడు. చిత్తూరులో మందుల వ్యాపారం, పాత కార్ల క్లబ్బులో సభ్యుడు. మర్యాదస్తుడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, డ్రైవరు తలుపు తీసి, కూర్చోకుండానే మూశాడు.

"ఒక్క స్క్రూ మారలేదన్నా దీంట్లో. మా నాయన చెయ్యి పడిన స్టీరింగు ఇది. అక్కకు తోలుకునేదానికి వేరే బండి ఉండాది గదా. మీరు చెప్తే వింటాది."

చెప్పనన్నాను. కానీ మనసులో ఆయనతోనే ఉన్నాను. ఇంటి విషయం ఇక్కడ రాయదలచుకోలేదు, ఒక్క మాట తప్ప. నా భార్య సుగుణ పోయి అప్పటికి పద్నాలుగు నెలలు. ఆ రోజుల్లో నేను దేన్నీ మార్చే స్థితిలో లేను.

అదీగాక నాకొక నియమం ఉండేది. తాళపత్ర గ్రంథాలను బాగుచేసేవాళ్ల పద్ధతి గురించి ఎప్పుడో ఒక పుస్తకంలో చదివాను. వాళ్లు చేసిన ప్రతి మరమ్మతూ తర్వాతివాళ్లు తిరిగి తీసేయగలిగేలా ఉండాలట. ఇది నాకు చాలా గొప్పగా తోచింది. అప్పటినుంచి ఏ పాత కారులోనూ కొత్తగా రంధ్రం వేసేవాణ్ని కాదు. ఉన్న బోల్టులకే బిగించేవాణ్ని. తీసిన సామాన్లకు చీటీలు కట్టి పెట్టెలో పెట్టి ఓనరుకు ఇచ్చేవాణ్ని. కావాలంటే మళ్లీ పాత మాదిరి చేసుకోవచ్చు అని చెప్పేవాణ్ని. వసుంధర గారికీ అదే చెప్పాను. బండి కదిలితే చాలు, నీ ఇష్టం అన్నారు.

పని గురించి కొంచెం చెప్పాలి. క్లచ్ కోసం పెట్టే సాధనాన్ని ఆటో క్లచ్ అంటాం. గేరు రాడ్డు మీద చిన్న బటన్ ఉంటుంది. అది నొక్కితే వాక్యూమ్, అంటే గాలిని తోడేసి పుట్టించే లాగుడు, క్లచ్‌ను కాలికి బదులుగా లాగుతుంది. ఎడమ కాలు పనిచెయ్యని వాళ్లకు మన దగ్గర చాలామంది ఇది పెట్టిస్తారు. ఈ జర్మన్ డీజిల్లో ఇంజన్‌తో పాటు తిరిగే వాక్యూమ్ పంపు ఒకటి ముందే ఉంది. బ్రేకుకు బలం ఇచ్చేది అదే. తలుపుల తాళాలు వేసేది అదే. తాళంచెవి తిప్పినప్పుడు డీజిల్‌ను ఆపి ఇంజన్‌ను నిలిపేది కూడా అదే. లాగుడు తగ్గితే చెవి చేతికి వచ్చినా ఇంజన్ ఆగదు.

సరైన పద్ధతి ఏమిటంటే క్లచ్‌కు వేరే ఎలక్ట్రిక్ పంపు, వేరే ట్యాంకు పెట్టాలి. వాటిని బిగించడానికి బానెట్ కింద పక్కరేకులో నాలుగు రంధ్రాలు వెయ్యాలి. నలభై ఏళ్లుగా ఎవరూ ముట్టని రేకు అది. నేను వెయ్యలేదు. ఉన్న పంపు గొట్టంలోకే ఒక జాయింటు పెట్టి క్లచ్‌ను కలిపాను. షెడ్డులో నిలబెట్టి, లాగుడు కొలిచే గేజీ పెట్టి చూస్తే సరిపోయింది. సరిపోయిందని అనుకున్నాను.

ఫిబ్రవరిలో ఒక ఉదయం ఆవిడను స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి, నేను పక్కన కూర్చుని బైపాస్ మీదుగా అలిపిరి వైపు వెళ్లాం. బైపాస్‌లో బండి బాగా పోయింది. ఆవిడ గేర్లు మార్చే తీరు చూస్తే ఇంట్లో కుర్చీలో కూర్చుని చాలాసార్లు సాధన చేసినట్టనిపించింది. ఆ మాటే అన్నాను. ముప్పై ఏండ్లు పక్క సీట్లో కూర్చోని నాయన చేతినే చూసినాను అన్నారు.

అలిపిరి దగ్గర జనం. కొండకు నడిచిపోయేవాళ్లు మూటలతో రోడ్డు దాటుతున్నారు. పది అడుగులకు ఒకసారి ఆగాలి. ఆగిన ప్రతిసారీ బ్రేకు, క్లచ్ రెండూ ఒకే గొట్టంలోని లాగుడును వాడుకున్నాయి. నాలుగోసారి ఆవిడ బటన్ నొక్కారు. క్లచ్ సగమే విడిపడింది. కారు ముందుకు లాగింది. బ్రేకు రాయిలా గట్టిపడింది. ఆవిడ గేరును బలవంతంగా న్యూట్రల్‌లోకి గుంజి, కుడికాలి మీద ఒళ్లంతా మోపి నిలబెట్టారు. ఒక ముసలమ్మకు చెయ్యి చాపితే అందేంత దూరంలో కారు ఆగింది.

ముసలమ్మ బానెట్ మీద అరచేత్తో కొట్టింది. "కండ్లు యాడ పెట్టుకోని తోలతా ఉండావే?"

"ఈడనే ఉండాయమ్మా. అందుకే నిలిపినాను," అన్నారు వసుంధర గారు.

తాళంచెవి తిప్పి బయటికి తీశారు. ఇంజన్ ఆగలేదు. చెవి ఆవిడ చేతిలో ఉంది, బండి కొట్టుకుంటూనే ఉంది. నేను దిగి బానెట్ ఎత్తి, ఇంజన్ పక్కన చేత్తో ఆపడానికి పెట్టిన మీటను నొక్కి నిలిపాను. చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరో, ఫారిన్ బండికి కూడా తొయ్యాల్నా అని అడిగారు. నలుగురు కలిసి రోడ్డు పక్కకు తోశారు.

ఆవిడ బానెట్ కిందికి వంగి గొట్టాలన్నీ వేలితో పట్టుకుంటూ చూశారు. ఫిజిక్సు చెప్పినావిడకు నేను వివరించాల్సిన పని లేకపోయింది.

"బ్రేకు, తాళాలు, స్టాపు, క్లచ్చు. నాలుగూ ఒకే గొట్టంలో తాగితే యాడ సరిపోతాది? ఇది నీకు తెలీదా?"

"తెలుసు మేడమ్."

"తెలిసీ ఎందుకు చేసినావు?"

వేరే పంపు పెట్టాలంటే రేకులో రంధ్రాలు వెయ్యాల్సి వస్తుందని, వేస్తే మళ్లీ పాత మాదిరి కాదని చెప్పాను.

"ఎవురి కోసం పాత మాదిరి చేస్తావప్పా? నేను పోయినాక సుధాకర్ కోసమా? వీలునామాలో నాయన రాసిందే నువ్వు స్పానరుతో రాసినావు. మీ ఇద్దరికీ ఒకటే నమ్మకం, నేను తోలేది నాలుగు రోజుల ముచ్చటని. నేను బతికుండాను. నా కోసం చెయ్యి. చెయ్యలేకపోతే ఇప్పుడే చెప్పు, ఇంకొకర్ని సూసుకుంటాను."

ఆ ముసలమ్మకు ఏమైనా అయ్యుంటే తప్పు పూర్తిగా నాదే. వసుంధర గారిది కాదు, కారుది కాదు. ముప్పై ఏళ్ల పనిలో నేను చేసిన అతి పెద్ద తప్పు ఇదే. చేతకాక చేసింది కాదు. తెలిసి, ఒక నియమం పేరు చెప్పుకుని చేసింది.

మరుసటి రోజు పక్కరేకు మీద కొలత పెట్టి నాలుగు గుర్తులు కొట్టాను. డ్రిల్లు తీసుకున్నాక కొంతసేపు ఆగాను, అది నిజం. తర్వాత వేశాను. జర్మన్ రేకు మందం, ప్రతి రంధ్రానికీ సమయం పట్టింది. అంచులు నునుపుగా రుద్ది, తుప్పు పట్టకుండా ప్రైమరు పూసి, పంపు, ట్యాంకు బిగించాను. పాత గొట్టంలో నేను పెట్టిన జాయింటు తీసేశాను. లాగుడు తగ్గితే వెలిగే ఎర్ర బల్బును డాష్‌బోర్డులో, స్పీడు మీటరు పక్కనే పెట్టాను. దానికి ఐదో రంధ్రం. ఆ తర్వాత మూడు వారాలు, అదే అలిపిరి రోడ్డులో, అంతే రద్దీలో, నేనే ఎడమ కాలు మడిచి పెట్టుకుని బండి తోలాను. ఒక్కసారి కూడా క్లచ్ తప్పలేదు. అప్పుడే ఆవిడకు ఇచ్చాను.

షో ఒక హోటలు ఆవరణలో జరిగింది. క్లాసిక్ కార్ల వరసకు తెల్ల తాడు కట్టి, తాకరాదని బోర్డులు పెట్టారు. వాటిలో ఎక్కువ లారీల మీద వచ్చినవే. టైర్ల సందుల్లో మట్టిని పళ్ల బ్రష్షులతో తీస్తున్నారు. అవతల రెస్టోమాడ్ వరసలో పాటలు, పొగ. వెడల్పు టైర్ల పాత జర్మన్ రెండు తలుపుల కారు ఒకటి, ఇంజన్ తీసి కరెంటు మోటరు పెట్టింది ఒకటి. ఆకుపచ్చ కారు చిత్తూరు నుంచి డెబ్బై కిలోమీటర్లు తోలుకొచ్చిన దుమ్ముతో గేటులోకి వచ్చింది. ఫారం నింపే ఆయన ఓనరు పేరు రాసుకుని, డ్రైవరు పేరు అడిగాడు. రాసిందే మళ్లీ రాయమన్నారు వసుంధర గారు.

సుధాకర్ ఆ కారును క్లాసిక్ వరసలోనే ముందు నమోదు చేయించి ఉన్నాడు. న్యాయనిర్ణేత పెద్దాయన, నిజంగా కార్లు తెలిసినవాడు. బయట చూసి తల ఊపాడు. బానెట్ ఎత్తగానే కొత్త పంపును చూశాడు. నెమ్మదిగా మూశాడు.

"మంచి కారును పాడు చేశారమ్మా," అన్నాడు.

"నా వరకు ఇది నలభై ఏండ్లుగా పాడైన కారే సార్," అన్నారావిడ. "ఇప్పుడే బాగైంది."

ఆయన ఇక్కడ ఉంచడం కుదరదని, అవతలి వరసకు తీసుకుపొమ్మని మాత్రం అన్నాడు. ఎవరినైనా పిలిచి తోయిస్తానన్నాడు. ఆవిడ అవసరం లేదని చెప్పి, తాడు తీయించి, అందరూ చూస్తుండగా రివర్స్ గేరులో, అంత పొడుగు కారును ఒక్క దెబ్బలో బయటికి తీశారు. పొగ వరసలో కుర్రాళ్లు తమ కార్లు జరిపి చోటిచ్చారు. అక్కడా బహుమతి రాలేదు. మెరుపు లేని కారు, దుమ్ము కూడా తుడవలేదు. సాయంత్రం వేదిక ముందు నుంచి కార్లు ఒక్కొక్కటే పోయే ఊరేగింపులో తాడు వెనకాల ఉన్నవి రెండు స్టార్ట్ కాలేదు. ఆకుపచ్చది మాత్రం వేదిక దాటి పోయింది.

అంతా అయ్యాక సుధాకర్ నా దగ్గరికి వచ్చాడు. కోపంగా లేడు. అలసిపోయినట్టున్నాడు.

"అన్నా, ఎప్పటికైనా మళ్లా పాత మాదిరి చెయ్యొచ్చు గదా?"

ఆ ప్రశ్నకు నేను ఎందరికో ఒకే జవాబు ఇచ్చి ఉన్నాను. విన్నవాళ్ల ముఖాలు తేలికపడేవి. అప్పుడు నా ముఖం కూడా తేలికపడేదేమో.

"కాదప్పా. బెజ్జాలు పూడ్చినా అతుకు ఉంటాది. ఇది ఇంక వెనక్కి పోదు."

ఆయన తల ఊపి, తన కారులో వెళ్లిపోయాడు. ఆవిడ ఆ తర్వాత బయలుదేరారు, ఒక్కరే.

తాళపత్రాల గురించి నేను చదివినది తప్పు కాదు. చదివేవాడు ఎవరైనా తాళపత్రం అదే. బండి అలా కాదు. దాన్ని తోలే మనిషికి ఒక కాలు ఉంటుంది, లేదా ఉండదు. ఆ మనిషి బతికి ఉన్నప్పుడు, తర్వాత రాబోయేవాళ్ల కోసం పని చేస్తే, ప్రాణం మీదికి వచ్చేది ఎవరో ముక్కూ ముఖం తెలియని ముసలమ్మకు. ఇది నేర్చుకోవడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది.

కావాలంటే మళ్లీ పాత మాదిరి చేసుకోవచ్చు అన్న మాట మా షెడ్డులో ఇప్పుడు ఎవరికీ చెప్పడం లేదు.