పెటిబోన్‌కి ఎప్పుడూ నేల వంకరే

లెమ్యుయల్ పెటిబోన్ పడని నేల హాలీవుడ్‌లో లేదు. పడటం తప్పని నేననను, జీతం ఇచ్చేదే అందుకు. సబ్బునీళ్ళ మీద, అరటితొక్క మీద, పెళ్ళికూతురి గౌను అంచు మీద జారిపడి జనాన్ని నవ్వించడమే ఆయన వృత్తి. గొడవెక్కడంటే, పడమని రాసి ఉన్న చోట పడతాడు, పడొద్దని రాసి ఉన్న చోటా పడతాడు. పడి, లేచి, టోపీ దులుపుకుని, మొహాన రవ్వంత సిగ్గు లేకుండా ఒకటే మాట: "నేల వంకరగా ఉంది."

టాకీలొచ్చిన కొత్తలో మా స్టూడియోలో డాన్సు రిహార్సళ్ళకి పియానో వాయించేదాన్ని నేను. ఆయన పడటం చూసేదాన్ని కాదు, వినేదాన్ని. పాట మంచి ఊపులో ఉండగా వెనకనుంచి ధబ్బుమని చప్పుడు. నా వేళ్ళు వాటంతటవే ఆగిపోయేవి. ఒక్కోసారి మొదటి చరణంలో, ఒక్కోసారి చివర్లో. పడటానికైనా ఒక పద్ధతుండాలి కదా, ఈ మనిషికి అదీ లేదు!

నేల వంకరన్న మాటకి కడుపు మండేది ఒక్క నిల్స్‌కే. స్వీడన్ నుంచి వచ్చిన వడ్రంగి మేస్త్రి. స్టూడియోలో నేలలూ మెట్లూ అన్నీ ఆయన చేతి మీదివే. దేవుణ్ణి తిట్టినా ఊరుకుంటాడు గానీ, తన నేలని తిడితే ఊరుకోడు. నేల తిన్నగా ఉంటే బుడగ మధ్యలో నిలిచే రసమట్టం పట్టుకుని పరిగెత్తుకొచ్చేవాడు.

"ఇలా రావయ్యా పెటిబోనూ. కళ్ళు పెట్టుకు చూడు. బుడగ ఎక్కడుంది?"

"మధ్యలో."

"మధ్యలో ఉంటే ఏమిటర్థం?"

"బుడగ కూడా వంకరేనని."

నిల్స్ మొహం కందగడ్డయ్యేది. పెటిబోన్ మాత్రం కాఫీ తెప్పించుకుని, చెక్క పని ఎలా చెయ్యాలో ఆయనకే పాఠం చెప్పేవాడు. ఆ పొగరు చూస్తే ఒళ్ళు మండేది నాకు.

ఆయనకి పోయేదేం లేదు, స్టారు! పడితే టేకు పోతుంది, మళ్ళీ మొదటికొస్తాం, అంతే. అదే, వెనక వరసల్లో ఆడే పిల్లలకైతే అలా కాదు. మా డాన్స్ మాస్టర్ క్రెండల్ ఒక నియమం పెట్టాడు: అడుగు తప్పిన అమ్మాయి ఆ రోజే గేటు బయటికి. వెనక వరసలో కుడి చివర మేవిస్ ఉండేది. అందరిలోకీ పెద్దది. గిరుక్కున తిరగబోతే ఒక మోకాలు పట్టు తప్పేది. మేజోడు కింద కట్టు కట్టుకుని ఆడుతోందని మా అందరికీ తెలుసు, క్రెండల్‌కి తప్ప. ఆ వయసులో ఇక్కణ్ణుంచి వెళ్ళగొడితే ఊళ్ళో మరే స్టూడియో తలుపు తియ్యదని కూడా తెలుసు.

ఒకసారి నేనే ఉండబట్టలేక అడిగేశాను. "ఇదిగో పెటిబోన్, నువ్వు పడ్డప్పుడల్లా వాళ్ళంతా మళ్ళీ మొదట్నుంచీ ఆడి చావాలి. ఆ మేవిస్ మోకాలు ఏం కావాలయ్యా? ఒక్క పాటన్నా నిలబడి ఆడరాదూ, నీకు పుణ్యముంటుంది!"

"ఆడాలనే ఉంది ఎడ్నా," అన్నాడు దొంగమొహం. "నేల నిలబడనివ్వదే!"

సినిమాకి ఆఖరి పాట మిగిలింది. అంతెత్తు తెల్ల మెట్లు, కింద నీళ్ళ కొలను, మెట్ల నిండా గొడుగులు పట్టుకున్న అమ్మాయిలు, మధ్యలో పెటిబోన్. షూటింగ్ రోజున పాట రికార్డు మీద నడుస్తుంది, పియానోకి పనుండదు. మామూలుగా ఇంటికి పోయేదాన్ని. అంత ఖరీదైన సెట్టుని ఈయనగారు ఎలా తగలేస్తాడో కళ్ళారా చూద్దామని ఉండిపోయాను.

పాట మొదలైంది. వేళ్ళకి పని లేకపోయేసరికి మొదటిసారి కాళ్ళ వంక చూశాను. ఆశ్చర్యం, పెటిబోన్ కాళ్ళు గాలిలో తేలుతున్నాయి! చూపు మాత్రం కెమెరా మీద లేదు, కుడి చివరనుంది. మేవిస్ గిరుక్కున తిరిగింది. మోకాలు మడత పడింది, మెట్టు మీద కూలబడింది. అదే క్షణంలో పెటిబోన్ "ఓయమ్మో!" అని గావుకేక పెట్టి, పైమెట్టు మీంచి దొర్లుకుంటూ, దారిలో గొడుగులన్నీ విరగ్గొట్టుకుంటూ కొలనులో పడ్డాడు. ఓరి నీ దుంపతెగ! ఇన్నాళ్ళూ నువ్వు చేస్తున్నది ఇదా!

"కట్!" క్రెండల్ ఎగిరి దూకాడు. "ఆయన కంటే ముందు కుడివైపు ఎవరో కూలబడ్డారు. నేను చూశాను! ఎవరది?"

మేవిస్ మొహంలో నెత్తుటి చుక్క లేదు.

కొలనులోంచి తల పైకొచ్చింది. "నేల వంకరగా ఉంది!"

"సరే, అదీ తేల్చేద్దాం. నిల్స్! రసమట్టం తీసుకురా. మెట్టు తిన్నగా ఉంటే అడుగు తప్పినట్టే. ఆ అమ్మాయి ఇప్పుడే బయటికి!"

నిల్స్ మెట్లెక్కాడు. మేవిస్ పక్కన మోకరిల్లి రసమట్టం పెట్టాడు. బుడగ ఎక్కడుందో ఆయన చూడక్కర్లేదు, ఆ మెట్టు ఆయన చేతిదే. ఆమె మోకాలి కట్టు చూశాడు. కొలనులో తడిసిన పెటిబోన్ని చూశాడు. రసమట్టం తీసి చంకన పెట్టుకున్నాడు.

"వంకరే సార్," అన్నాడు.



"వంకరా? నీ పనా?"

"నా పనే. చిత్రిక పడతాను. అయినా ఈ మూల మెట్టు మీద ఎవరూ తిరగకూడదండీ, బరువు ఆగదు. ఇక్కడుండే అమ్మాయి నిలబడి గొడుగు తిప్పితే చాలు."

క్రెండల్ పళ్ళు నూరాడు గానీ, మెట్టు విరిగితే నెత్తి మీదికొస్తుందని సరేనన్నాడు. తిన్నగా ఉన్న మెట్టుకి నిల్స్ ఉత్తుత్తి చిత్రిక పడుతూ కూర్చున్నాడు. పెటిబోన్ నీళ్ళు కారుతూ పక్కకి చేరాడు.

"నేను ముందునుంచీ చెబుతూనే ఉన్నానా?"

"నోర్ముయ్. నా నోటితో నా మెట్టుని వంకరనిపించావు. ఈ జన్మలో నిన్ను క్షమించను."

"నిదానంగా కానీ. ఆవిడ మోకాలికి ఇంకాస్త విశ్రాంతి కావాలి."

"తెలుసులేవయ్యా!" అని నిల్స్ కసిరాడు. చిత్రిక మాత్రం నిదానించింది.

తర్వాతి టేకులో మేవిస్ నిలబడి గొడుగు తిప్పింది. ఎవరూ అడుగు తప్పలేదు. పెటిబోన్ పాట ఆసాంతం దూదిపింజలా ఆడాడు. ఇంత ఆట కడుపులో దాచుకుని ఇన్నాళ్ళూ బస్తాలా పడ్డాడా అని క్రెండల్ నోరు తెరిచాడు. "కట్!" అనగానే అందరం చప్పట్లు కొట్టాం. ఆయన టోపీ తీసి, వంగి, వెనక్కి తిరిగి, మెట్లన్నీ దాటాక చదును నేల మీద ధబ్బున బోర్లా పడ్డాడు.

"ఏమిటీ, నేల వంకరా?" అని అరిచాను.

ఆయన లేచి మోకాలు రుద్దుకున్నాడు. ఒకసారి నిల్స్ వైపు చూసి గొంతు తగ్గించాడు.

"లేదు ఎడ్నా. ఈసారి నిజంగానే పడ్డాను."