రోజర్ నీమి ఫోను పరీక్ష

సరస్సు ఒడ్డునున్న మా డులూత్ ఊళ్లో కొత్త వ్యాపారం ఆలోచన బుర్రలో పుట్టిన ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు మా మెట్లు ఎక్కాల్సిందే. కింద చేపల ఎరలు అమ్మే కొట్టు, పైన రోజర్ నీమి ఆఫీసు. మెట్ల పొడుగునా వానపాముల వాసన. కొత్త బూట్లు తొడుక్కుని, లాప్‌టాపు చంకన పెట్టుకుని, ముక్కు మూసుకుని పైకొచ్చినవాళ్లను రోజర్ ఆ లాప్‌టాపు తెరవనిచ్చేవాడు కాదు. బల్ల మీదున్న పాత ఫోను చూపించి, ఇవాళంతా దాని దగ్గర కూర్చుని మోగినప్పుడల్లా ఎత్తమనేవాడు. పెట్టుబడి సంగతి సాయంత్రం.

ఆ ఫోను మోగించేది ఎవరనుకున్నారు? మా పాత మెయిలు ఖాతాదారులు, నాలుగు వందల మంది ముసలివాళ్లు. పాస్‌వర్డు మర్చిపోయినవాళ్లు, ఏమీ మర్చిపోకపోయినా ఊసుపోక చేసేవాళ్లు. వచ్చినవాళ్లకు రెండే షరతులు. అవతలి మనిషి చెప్పడం పూర్తయ్యేదాకా సలహా ఇవ్వకూడదు. ముందుగా ఫోను పెట్టేయకూడదు. రోజర్ ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతూ, పేపరు చదువుతున్నట్టు నటిస్తూ అంతా వినేవాడు. నేను అతని వెనక కూర్చుని, అతను పేపరు తిరగేసి పట్టుకున్నాడేమో చూసేదాన్ని. నా పేరు బెవ్. ముప్పై ఏళ్లుగా రోజర్ దగ్గర పనిచేస్తున్నాను, అతను చేసిన తప్పులన్నీ నాకు కంఠతా వచ్చు.

రోజర్ పుట్టుకతో పెట్టుబడిదారేమీ కాదు. తండ్రి ఇనుపగనిలో పనిచేశాడు. ఇతను జిరాక్సు మిషన్లు బాగుచేస్తూ ఊళ్లు తిరిగేవాడు. తొంభై అయిదులో ఎక్కడో ఇంటర్నెట్ చూసొచ్చి, మేనమామ ఎరల కొట్టు నేలమాళిగలో, ఫోను లైన్ల మీద ఇళ్లకు ఇంటర్నెట్ అందించే మోడెములు పన్నెండు వరసగా పెట్టాడు. వసంతంలో సముద్రమంతటి మా సరస్సులోంచి ఏరు నోటికి ఎగబడే స్మెల్ట్ అనే చిన్న వెండిచేపల మీద పిచ్చి కొద్దీ కంపెనీకి స్మెల్ట్‌నెట్ అని పేరు పెట్టాడు. ఆ పేరు వద్దని నేను చెప్పాను. వినలేదు. చలికాలంలో తడిసిన చేతితొడుగులు ఆ మోడెముల మీదే ఆరబెట్టుకునేవాళ్లం. ఎరల కొట్టుకి పద్నాలుగు టెలిఫోను లైన్లు ఎందుకా అని లైన్‌మన్‌కి అనుమానమొచ్చి, గుర్రప్పందేలు నడుపుతున్నారా అని నన్ను చాటుగా అడిగాడు. నడుపుతుంటే నాకూ చెప్పమన్నాడు.

మార్జ్ స్వాన్‌బర్గ్ మాకు తొలినాటి ఖాతాదారు. నార్వేలో ఉన్న చెల్లెలు సోల్‌వేగ్‌కి రోజూ ఉత్తరం రాయడానికే ఆవిడ కంప్యూటరు కొన్నది. రోజూ సాయంత్రం ఆరింటికి ఆవిడ లైను తెగిపోయేది. రోజర్ మంచులో మూడుసార్లు వాళ్లింటికెళ్లి తీగలన్నీ మార్చాడు. మూడోసారి వంటింట్లోకి తొంగిచూస్తే విషయం బయటపడింది. మొగుడు ఐనార్, పెళ్లాం ఇంటర్నెట్ పని అయిందో లేదో చూద్దామని, అక్కడున్న రెండో ఫోను ఎత్తి చెవిన పెట్టుకుంటున్నాడు. ఎత్తగానే లైను తెగేది. ఆ రోజు రోజర్ వాళ్లింట్లో మాంసమూ బంగాళాదుంపలూ కలిపి చేసే హాట్‌డిష్ రెండు పళ్లేలు లాగించి, "ఈ చిరునామా నువ్వు బతికున్నంతకాలం నీదే మార్జ్. పూచీ నాది," అని మాటిచ్చి వచ్చాడు.

రెండు వేల సంవత్సరంలో పెద్ద కంపెనీ ఒకటి మా ఖాతాదారులను కొనడానికి వచ్చింది. పాత మెయిలు చిరునామాలు మాత్రం మూసేస్తామంది. అందరూ రోజర్ ఎగిరి గంతేస్తాడనుకున్నారు. అతను ధర తగ్గించుకుని మరీ స్మెల్ట్‌నెట్ పేరునూ, మెయిలు నడిపే మిషనునూ తన దగ్గరే అట్టేపెట్టుకున్నాడు. మతి పోయిందా అని నేను అడిగాను. మార్జ్‌కి మాటిచ్చాను కదా అన్నాడు. ఆ క్షణంలో అతనంటే నాకు ఎంత గౌరవం కలిగిందో ఇన్నాళ్లూ అతనికి చెప్పలేదు, చెబితే నెత్తికెక్కుతాడు.

అమ్మిన డబ్బుతో పదకొండు కంపెనీల్లో పెట్టుబడి పెట్టాడు. ఏడు మునిగాయి. మూడు ఏదో ఈదుతున్నాయి. ఇనుపరాయి మోసే ఓడలు మా వంతెన కిందికి ఏ నిమిషానికి వస్తాయో చెప్పే కంపెనీ ఒక్కటే బ్రహ్మాండంగా ఆడి, మునిగిన ఏడింటి ఖర్చూ తీర్చింది. ఆ కంపెనీ పెట్టినవాడు ఫోను పరీక్షలో ఒక తాత మోకాలి ఆపరేషన్ కథ యాభై నిమిషాలు విన్నాడు మరి.

ఆరేళ్ల క్రితం కెల్సీ బ్రాటన్ అనే అమ్మాయి మెట్లెక్కింది. వెబ్‌సైటు పేరు ఎవరికీ శాశ్వతం కాదు, ఏటేటా గడువు పొడిగించుకోవాలి. చిన్న కొట్లవాళ్లు అది మర్చిపోయి పేరు పోగొట్టుకుంటారు. వాళ్ల పేర్లు కనిపెట్టి ఉండి, ముందే గుర్తు చేయడం ఆ అమ్మాయి వ్యాపారం. ఆ రోజు ఫోను ఎంత బాగా ఎత్తిందని! మార్జ్ చెప్పిన చెల్లెలి కథంతా విని, చివరికి ఆవిడ చేతే పాస్‌వర్డు గుర్తు తెప్పించింది. సాయంత్రం నేను వెనకనుంచి తల ఊపుతూనే ఉన్నాను. రోజర్ మాత్రం నవ్వేశాడు.

"తన పేరు తనే మర్చిపోయేవాడు ఎవడుంటాడమ్మా? దానికి డబ్బులెవరిస్తారు?"

కెల్సీ చెంపలు ఎర్రబడ్డాయి. కోటు తొడుక్కుని, "ఉంటారండీ. మీరు చూద్దురుగాని," అని దిగి వెళ్లిపోయింది. పరీక్ష నెగ్గినవాళ్లను రోజర్ తిప్పి పంపడం అదే మొదటిసారి. తన నియమం తనే తప్పాడని నేను వారం రోజులు దెప్పాను.

ఇక ఈ ఏడాది ఏప్రిల్ సంగతి. స్మెల్ట్ చేపలు వచ్చాయి. రోజర్ నడుం దాకా రబ్బరు బూట్లు తొడుక్కుని, వల పట్టుకుని ఏటి నోట్లో దిగాడు. ఇంటర్నెట్ పుట్టినప్పటినుంచీ అందులో ఉన్నవాడు ఏప్రిల్లో మాత్రం ఇంటర్నెట్ మొహం చూడడు. మంగళవారం పొద్దున తొమ్మిదింటికి పాత ఫోను మోగింది. మార్జ్. ఎనభై ఎనిమిదేళ్ల గొంతు వణుకుతోంది. సోల్‌వేగ్ నుంచి మూడు రోజులుగా ఉత్తరం లేదట. ఆ చెల్లెలికి చెవుడు, ఫోను వినపడదు.

"రాసిన ఉత్తరం తిరిగెళితే నేను పోయాననుకుంటుంది బెవ్. దానికింక ఎవరున్నారు?"

నేను ఫోను పెట్టకముందే ఇంకోటి మోగింది. తర్వాత ఇంకోటి. మధ్యాహ్నానికి తెలిసింది, స్మెల్ట్‌నెట్ పేరు గడువు దాటి వారాలైందనీ, వేలంలో అమ్ముడైపోయిందనీ. గుర్తు చేస్తూ ఏడు మెయిళ్లు వచ్చాయి. వచ్చినవన్నీ చెత్తబుట్టలోకి పోయాయి. ఎందుకంటే తొంభై ఎనిమిదిలో రోజర్ స్వహస్తాలతో ఒక జల్లెడ తయారుచేశాడు, "చివరి హెచ్చరిక" అని ఉన్న ప్రతి మెయిలునూ అది విసిరి పారేస్తుంది. దాని గురించి గొప్పలు చెప్పుకోని పెళ్లి విందు లేదు ఈ ఊళ్లో.

ఏటి ఒడ్డుకి పోయి చెప్పాను. వల చేతిలోంచి జారింది, చేపలన్నీ పోయాయి. ఎవరు కొన్నారని అడిగాడు. కెల్సీ అని చెప్పాను. తడిబూట్లతో అలాగే ఒడ్డున కూలబడ్డాడు. మొహం చూస్తే నాకు జాలేసింది, నవ్వూ వచ్చింది. ముందు మార్జ్ సంగతి చూడు, సిగ్గు తర్వాత పడుదువుగాని అన్నాను. అక్కడినుంచే ఫోను చేశాడు.

కెల్సీ బేరమాడలేదు. పేరు వేలానికి రావడం చూసి, ఎవరో దళారి ఎగరేసుకుపోకుండా కొన్నానంది. ఆఫీసుకి రెండుసార్లు మెయిలు కూడా పంపిందట. అవి ఎక్కడికి పోయాయో మీకు తెలుసు. మెయిలు సాయంత్రానికల్లా నడిచేలా చేస్తానంది. పేరు తిరిగివ్వడానికి ఒక్కటే షరతు పెట్టింది.

"ఒక రోజు మా ఆఫీసుకొచ్చి ఫోను ఎత్తండి రోజర్. షరతులు మీకు తెలిసినవే."

గురువారం వెళ్లాం. కెల్సీ ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతూ పేపరు తెరిచింది. ఫోను చేసేవాళ్లందరూ పేరు పోగొట్టుకుని సిగ్గుతో చచ్చిపోతున్నవాళ్లే. మొదటిది ఒక బేకరీ ఆవిడ. ఇంత తెలివితక్కువదాన్ని నేనొక్కదాన్నే కాబోలని ఒకటే ఏడుపు. రోజర్ మొత్తం విన్నాడు. ఒక్కసారి కూడా అడ్డురాలేదు.

"మీరొక్కరే కాదమ్మా," అన్నాడు చివరికి. "నాదీ పోయింది. నాలుగు వందల మంది దాన్ని నమ్ముకుని ఉన్నారు."

అవతల ఏడుపు ఆగి, చిన్న నవ్వు వినిపించింది. కెల్సీ పేపరు దించింది. సాయంత్రందాకా ముప్పై ఒక్క మందికి అదే మాట చెప్పాడు, ప్రతిసారీ కాస్త ఎర్రబడుతూనే. ఆరింటికి కెల్సీ పేరు తిరిగి రాసిచ్చిన కాగితం చేతిలో పెట్టింది. ఆమె కంపెనీలో పెట్టుబడి పెట్టనివ్వమని రోజర్ అడిగాడు. పెట్టుబడులు నిండిపోయాయనీ, కావాలంటే ఖాతాదారుగా చేరవచ్చనీ అంది. చేరాడు.

గడువు దగ్గర పడితే ఎవరికి ఫోను చేయాలని ఫారంలో ఒక గడి ఉంది. రోజర్ తన నంబరు రాయబోతే కెల్సీ కలం లాక్కుంది. నా నంబరూ ఒప్పుకోలేదు. మార్జ్‌ని అడిగాం. సోల్‌వేగ్ ఉత్తరం అప్పటికే వచ్చి ఉందేమో, గొంతు కులాసాగా ఉంది.

"నా పేరే రాయి. బతికున్నంతకాలం అన్నావుగా, కనిపెట్టుకుని ఉండాల్సింది నేనే మరి."

అసలు గడువు ఏడాదికోసారే. మార్జ్ మాత్రం ప్రతి నెలా ఒకటో తారీకు పొద్దున్నే పాత ఫోనుకి చేస్తుంది. పేరు ఉందా అని అడుగుతుంది. ఉంది మార్జ్ అంటాడు రోజర్. ఆ తర్వాత ఆవిడ చెల్లెలి కబుర్లన్నీ చెబుతుంది, అతను వింటాడు, ముందుగా ఫోను పెట్టడు.